ఎన్ని రెట్లు? దేనికంటే?

2021 మే మొదటి వారంలో ఒక కరోనా వైరస్ రకానికి మన ఊరి పేరు పెట్టారు. 'ఏపీ స్ట్రెయిన్', 'విశాఖ వేరియంట్', '15 రెట్లు ప్రమాదకరం' అంటూ టీవీ తెరల అడుగున అక్షరాలు పరుగులు తీశాయి. మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్ళకు 14 రోజుల క్వారంటైన్ విధించింది. ఇదే మాట మీద కర్నూలులో పోలీసు కేసు కూడా నమోదైంది.

ఇంతకీ ఈ గోలకు మూలమైన ఎన్440కె అన్నది స్ట్రెయిన్ పేరే కాదు. వైరస్ కొమ్ము ప్రొటీన్‌లో 440వ స్థానంలో ఉండాల్సిన ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం (దాని గుర్తు ఎన్) బదులు లైసిన్ (గుర్తు కె) వచ్చిందని చెప్పే సంకేతం, అంతే. అదే మార్పు వేర్వేరు వంశాల వైరస్‌లలో విడివిడిగా పుట్టొచ్చు. కిటికీకి నీలం రంగు వేసిన ఇళ్ళన్నీ ఒకే కుటుంబానివి కానట్టే.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకుల ప్రీప్రింట్‌లో (ఇతర నిపుణులు ఇంకా పరిశీలించని పత్రంలో) ఉన్నది ఇది: ఈ మార్పు ఉన్న వైరస్‌ను ప్రయోగశాలలో పెంచిన మానవ కణాల మీద వదిలితే, అప్పటికి వ్యాప్తిలో ఉన్న ఏ2ఏ రకం కంటే 10 రెట్లు, అరుదైపోయిన ఏ3ఐ రకం కంటే 1000 రెట్లకు పైగా సజీవ వైరస్ కణాలు తయారయ్యాయి. ఆ పత్రం సారాంశంలోనే ఇంకో సంగతి కూడా ఉంది. ఏ3ఐ రకంలో ఆర్‌ఎన్‌ఏ మోతాదు అన్నిటికంటే ఎక్కువ, సోకగల కణాలు మాత్రం అన్నిటికంటే తక్కువ. అంటే 'వైరస్ ఎక్కువుంది' అన్న మాటకు కూడా ఏది కొలిచారో చెప్పకపోతే అర్థం లేదు. పళ్ళెంలో ఎక్కువ పెరగడం ఒక మెట్టు. మనిషి నుంచి మనిషికి ఎక్కువ సోకడం రెండోది. సోకినవాళ్ళు ఎక్కువమంది చనిపోవడం మూడోది. మొదటి మెట్టు మీద దొరికిన అంకెను తీసుకెళ్ళి మూడో మెట్టు మీద పెట్టాం. అప్పటికే ఎన్440కె తగ్గుముఖం పట్టిందనీ, దాని చోటును బి.1.617 అనే మరో రకం ఆక్రమిస్తోందనీ సీసీఎంబీ వాళ్ళే చెప్పారు. ఆ మాట శీర్షికకు ఎక్కలేదు.

జన్యు పరిజ్ఞానం మీద రాసే విలేకరికి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఉండాలని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఉంటే మంచిదే, కానీ ఈ బీట్‌లో తప్పులు ఎక్కువగా సైన్స్ తెలియక జరగవు, హారం పడిపోవడం వల్ల జరుగుతాయి. స్కూల్లో చదివిన లవం, హారం గుర్తున్నాయి కదా. 'ఎన్ని' అన్నది లవం, 'దేనికంటే, ఎంతమందిలో' అన్నది హారం. ల్యాబ్‌లోనో కంపెనీలోనో అవి రెండూ కలిసే బయలుదేరతాయి. పత్రికా ప్రకటనలో హారం చిన్న అక్షరాల్లోకి దిగుతుంది, డెస్క్ మీదకొచ్చేసరికి రాలిపోతుంది. అచ్చయ్యేది ఒక్క లవమే. కాబట్టి ఈ పనికి కావలసిన మొదటి అర్హత భిన్నాలు. రెండోది, పరిశోధన పత్రంలో 'పద్ధతులు' అన్న విభాగం చదివే ఓపిక.

పత్రం చదివే వరస కూడా మార్చుకోవాలి. సారాంశం చివర చదవాలి. ముందు నమూనాల పట్టిక: ఎంతమంది, ఎవరు, ఎందరిని మధ్యలో వదిలేశారు, ఎందుకు. తర్వాత పద్ధతులు: ఏ యంత్రం, ఎంత లోతు, దేనితో పోల్చారు. ఆపైన ప్రయోజనాల వైరుధ్యం ప్రకటన: ఎవరికి వాటాలున్నాయి, ఎవరికి పేటెంట్ ఉంది. డేటా ఎక్కడ పెట్టారో చూడాలి. ఇవన్నీ అయ్యాక సారాంశం చదివితే ఎక్కడ మాట కొంచెం సాగిందో దానంతట అదే కనిపిస్తుంది.

హారం ఎలా రాలుతుందో చూడటానికి 'వెయ్యి డాలర్ల జీనోమ్' కంటే మంచి ఉదాహరణ లేదు. 2014 జనవరిలో ఇల్యూమినా కంపెనీ ఒక మనిషి డీఎన్ఏ మొత్తాన్ని, అంటే జీనోమ్‌ను, వెయ్యి డాలర్లకు చదివే యంత్రాల సముదాయం హైసెక్ ఎక్స్ టెన్‌ను ప్రకటించింది. ఆ వెయ్యిలో ఏముందో కంపెనీయే చెప్పింది: రసాయనాలకు 797 డాలర్లు, యంత్రం తరుగుదలకు 137, నమూనా తయారీకి, కూలికి కలిపి 55 నుంచి 65. కూడితే వెయ్యికి లోపే. అయితే ఆ ధర రావాలంటే పది యంత్రాలు కలిపి కోటి డాలర్లకు కొనాలి, వాటిని ఏడాదికి 18,000 జీనోమ్‌లు చదివేలా నడపాలి. అందులో డేటా విశ్లేషణ లేదు, దాచే సర్వర్ ఖర్చు లేదు, ఫలితం చూసి 'ఈ మార్పు జబ్బుకు కారణమా కాదా' అని తేల్చే నిపుణుల జీతం లేదు, ఆ ముక్కను కుటుంబానికి వివరించే కౌన్సెలర్ లేరు. యంత్రాలు ఖాళీగా కూర్చుంటే తరుగుదల 137 దగ్గర ఆగదు. తర్వాత 2022లో అల్టిమా జెనామిక్స్ 100 డాలర్లంది, ఇల్యూమినా కొత్త నోవాసెక్ ఎక్స్‌తో 200 అంది. ప్రతిసారీ ఇదే లెక్క వేయాలి. పెళ్ళి భోజనం ప్లేటు ధర చెప్పినప్పుడు హాలు అద్దె అందులో ఉందా అని అడగమూ?

ధరతోపాటు లోతు అడగాలి. మనిషి జీనోమ్ సుమారు 310 కోట్ల అక్షరాలు. '30 ఎక్స్' అంటే ఒక్కో అక్షరాన్ని సగటున 30 సార్లు చదివినట్టు, మొత్తం 9,300 కోట్ల అక్షరాలు. 150 అక్షరాల ముక్కలుగా చదివే యంత్రమైతే 62 కోట్ల ముక్కలు. 'క్యూ30' నాణ్యత అంటే వెయ్యి అక్షరాలకు ఒక తప్పు. వినడానికి గొప్పగానే ఉంటుంది, 9,300 కోట్లలో అది 9.3 కోట్ల తప్పులు. 30 సార్లు చదవడం అందుకే: ఒకసారి వచ్చిన తప్పును మిగతా 29 సార్లు సరిదిద్దుతాయి. లోతు తగ్గిస్తే ధర తగ్గుతుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతుల్లో ఒకదానిలోనే ఉన్న మార్పును పోల్చుకునే శక్తీ తగ్గుతుంది. ఇక ఎక్సోమ్ పరీక్షను 'మొత్తం జన్యుక్రమం' అని రాయకూడదు. ప్రొటీన్ల సమాచారం ఉన్న 1 నుంచి 2 శాతం భాగాన్నే అది చదువుతుంది.

ఇక్కడ మన భాష గోల ఒకటుంది. డీఎన్ఏ, జీన్, జీనోమ్ మూడింటినీ 'జన్యువు' అనే రాసేస్తున్నాం. 'జన్యువు కనిపెట్టారు' అన్న శీర్షిక కింద చూస్తే ఆ జన్యువు ముప్పై ఏళ్ళుగా తెలిసినదే, కొత్తది అందులో ఒక అక్షరం మార్పు. నా పద్ధతి ఇది: జీన్‌కు జన్యువు, జీనోమ్‌కు జీనోమ్ అనే, మ్యుటేషన్‌కు 'జన్యుమార్పు'. 'ఉత్పరివర్తనం' అన్న మాట పాఠ్యపుస్తకం దాటి ఎవరి నోటా వినబడదు. 'లోపం' అన్న మాట మాత్రం తేలిగ్గా వాడకూడదు. ఎవరి జీనోమ్ తీసుకున్నా ప్రామాణిక జీనోమ్‌తో పోలిస్తే 40 లక్షల నుంచి 50 లక్షల చోట్ల తేడా ఉంటుంది. అన్నీ లోపాలైతే మనమెవరం బతికి ఉండం.

హారం పోతే మనుషులకు నేరుగా దెబ్బ తగిలే చోటు పరీక్షల కచ్చితత్వం. కడుపులోని బిడ్డకు క్రోమోజోమ్ తేడాలున్నాయేమో చూడటానికి గర్భిణుల రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ పరీక్ష ప్రకటనల్లో '99 శాతం కచ్చితం' అని ఉంటుంది. అది అబద్ధం కాదు, సగం లెక్క. కాగితం మీద వేసి చూద్దాం. పరీక్ష జబ్బున్నవాళ్ళలో 99 శాతాన్ని పట్టుకుంటుందనీ, జబ్బు లేనివాళ్ళలో వెయ్యికి ఒక్కరినే పొరపాటున పట్టుకుంటుందనీ అనుకుందాం. నలభై దాటిన తల్లుల్లో డౌన్ సిండ్రోమ్ దాదాపు వందకు ఒకరు. అలాంటి లక్షమందిలో వెయ్యిమందికి ఉంటుంది, పరీక్ష 990 మందిని పట్టుకుంటుంది. మిగతా 99,000 మందిలో 99 మందికి తప్పుడు పాజిటివ్. అంటే పాజిటివ్ వచ్చిన పది మందిలో తొమ్మిదిమందికి నిజంగానే ఉంది. ఇప్పుడు అదే పరీక్ష, అదే కచ్చితత్వంతో డైజార్జ్ సిండ్రోమ్‌కు చేద్దాం. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లేకపోవడం వల్ల వచ్చే ఈ జబ్బు సుమారు 4,000 మందిలో ఒకరికి వస్తుంది. లక్షమందిలో 25 మంది, 25 మందీ దొరికారనుకుందాం. తప్పుడు పాజిటివ్‌లు 100. పాజిటివ్ వచ్చిన 125 మందిలో 100 మంది బిడ్డలకు ఏమీ లేదు!

యంత్రం మారలేదు, కచ్చితత్వం మారలేదు, జబ్బు ఎంత అరుదు అన్నదే మారింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఈ లెక్కే పట్టుకుని, అరుదైన క్రోమోజోమ్ లోపాలకు అమ్ముతున్న అదనపు పరీక్షల పాజిటివ్‌లు సగటున 85 శాతం తప్పని రాశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఆ కథనం వెనక రహస్య పత్రాలేమీ అక్కర్లేదు. కంపెనీల చేత రెండు అంకెలు చెప్పించి, జబ్బు ఎంతమందిలో ఉంటుందో మూడో అంకె కలిపితే చాలు.

పాజిటివ్ ఎందుకు తప్పుతుందో కూడా రాయాలి, లేకపోతే పాఠకులు ల్యాబ్‌ను దొంగ అనుకుంటారు. ఈ పరీక్షలో చదివేది బిడ్డ డీఎన్ఏ కాదు, మాయ (ప్లాసెంటా) నుంచి తల్లి రక్తంలోకి రాలిన ముక్కలు. ఒక్కోసారి మాయలో తేడా ఉంటుంది, బిడ్డలో ఉండదు. కవలల్లో ఒకటి తొలివారాల్లోనే కరిగిపోతే దాని డీఎన్ఏ కొన్నాళ్ళు తిరుగుతూ ఉంటుంది. తల్లి రక్తంలో ఆ ముక్కల వాటా 4 శాతం కంటే తక్కువైతే చాలా ల్యాబ్‌లు ఫలితం ఇవ్వవు. పది వారాలకు ముందు చేయొద్దనేది అందుకే. తల్లి బరువు ఎక్కువైతే ఆ వాటా తగ్గుతుంది కూడా. ఎన్‌ఐపీటీ ఫలితంతో నిర్ణయం తీసుకోకూడదు, ఉమ్మనీరు తీసి చేసే పరీక్షతో నిర్ధారించుకోవాలి అన్న వాక్యం ప్రతి కథనంలో ఉండాలి. డెస్క్ కత్తిరిస్తే మళ్ళీ పెట్టించాలి. (ఈ పరీక్షలో లింగం కూడా తెలుస్తుంది. 1994 చట్టం ప్రకారం అది చెప్పడం నేరం కాబట్టి 'ఇలా కూడా తెలుస్తుందట' లాంటి పెట్టెకట్టు వార్తలు మానుకోవాలి.)

నెగటివ్‌కూ హారం ఉంటుంది. 2018లో 23అండ్‌మీ సంస్థ ఇంటి దగ్గర చేసుకునే బీఆర్‌సీఏ (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పుతో ముడిపడ్డ జన్యువుల) పరీక్షకు ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అప్పట్లో అది చూసింది మూడు మార్పులనే. తెలిసిన బీఆర్‌సీఏ మార్పులు వెయ్యికి పైగా. ఆ మూడూ యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు మహిళకు నాటి ఆ పరీక్షలో 'ఏమీ లేదు' అని వస్తే, వెయ్యి తలుపుల్లో మూడు తలుపులు, అవీ పక్కింటివి, తట్టి చూసినట్టు.

ఇక 'రిస్కు ఏడు రెట్లు'. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు రాలిపోయిన మార్పు దక్షిణాసియావాళ్ళలో సుమారు 4 శాతం మందికి ఉందని 2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన పరిశోధన చూపించింది. అది ఉంటే గుండె వైఫల్యం అవకాశం దాదాపు ఏడు రెట్లు అన్నారు. ఏడు రెట్లు దేనికంటే? మామూలుగా 500 మందిలో ఒకరికి వచ్చే జబ్బనుకుంటే, ఏడు రెట్లంటే 500 మందిలో ఏడుగురు. 493 మందికి ఆ మార్పుండీ జబ్బు రాదు. రెండు వాక్యాలూ నిజమే. మొదటిది ఒక్కటే రాస్తే మర్నాడు కార్డియాలజీ ఓపీ ముందు క్యూ కడతారు.

వంశచరిత్ర దగ్గర హారం మాట ఎత్తితేనే తిట్లు పడతాయి, అయినా తప్పదు. 2019 సెప్టెంబరులో హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీ మీద పరిశోధన అచ్చయినప్పుడు 'ఆర్యుల రాక అబద్ధం' అని కొందరు, 'రాక నిజం' అని ఇంకొందరు ఒకే వారంలో రాశారు. అక్కడ ప్రయత్నించిన నమూనాలు 61. వాడుకోదగ్గ డీఎన్ఏ దొరికింది ఒక్కదానిలో, ఒక్క స్త్రీ అస్థికల్లో. వేడికీ తేమకూ డీఎన్ఏ ముక్కలైపోయే నేలలో ఆ ఒక్కటి దొరకడమే ఘనకార్యం. ఆమెలో స్టెప్పీ (యురేషియా గడ్డిమైదానాల పశుపాలకుల) వంశపు జాడ లేదు. ఆ జాడ ఇవాళ్టి భారతీయుల్లో ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పింది ఆమె కాదు, అదే వారం సైన్స్ పత్రికలో వచ్చిన, వందల ప్రాచీన జీనోమ్‌ల మీద జరిగిన మరో అధ్యయనం. ఒక పత్రాన్ని రెండోది ఖండించలేదు. రెంటినీ కలిపి చదివిన శీర్షికలే తక్కువ.

తెలుగు విలేకరులకు దీనికంటే దగ్గరి బాధ్యత ఒకటుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి బీసీహెచ్‌ఈ జన్యువులో మార్పు వల్ల సక్సినైల్‌కోలిన్ అనే మత్తు సమయపు మందు త్వరగా విరగదు. మామూలుగా కొన్ని నిమిషాల్లో తేలిపోవాల్సిన కండరాల స్తంభన గంటల తరబడి ఉండి, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఆపరేషన్‌కు ముందు కుటుంబంలో ఎవరికైనా ఇలా జరిగిందా అని అడిగి, వేరే మందు వాడితే సమస్య లేదు. ఇది ప్రాణం కాపాడే వార్త. 'ఫలానా కులానికి జన్యు లోపం' అని రాస్తే అదే వార్త విషమవుతుంది. కారణం రాసేటప్పుడు మేనరికాన్ని ముందుకు లాగడం మనకు అలవాటు. ఇక్కడ విషయం అది కాదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహం తరతరాలుగా తనలోనే సంబంధాలు కలుపుకుంటే, దగ్గరి బంధువులను చేసుకోకపోయినా అదే మార్పు రెండువైపుల నుంచీ రావచ్చు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం, దక్షిణాసియాలో పరిశీలించిన 263 సమూహాల్లో 81కి ఇలాంటి మూలపురుష ప్రభావం ఫిన్లండ్‌వాళ్ళ కంటే, అష్కెనాజీ యూదుల కంటే బలంగా ఉందని తేల్చింది. ఒక కులం కథగా రాస్తే 80 సమూహాల కథ పోతుంది.

మన్యం నుంచి వచ్చే సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) వార్తల్లోనూ రెండు అంకెలు ఒకటైపోతుంటాయి. ఒక ప్రతిలోనే మార్పు ఉన్న వాహకులు (ఏఎస్) వేరు, రెండు ప్రతుల్లోనూ ఉన్న రోగులు (ఎస్ఎస్) వేరు. శిబిరంలో చేసే కరిగే పరీక్ష (సాల్యుబిలిటీ టెస్ట్) ఈ ఇద్దరినీ విడదీయలేదు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో నిర్ధారించాలి. జిల్లా అధికారి చెప్పిన సంఖ్య ఏ పరీక్షదని అడగకుండా 'బాధితులు ఇంతమంది' అని రాయకూడదు. ఈ జబ్బుకు క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో చేసే క్యాస్‌గెవీ చికిత్స వార్తలకూ ఇదే వర్తిస్తుంది. అనుమతి నాటికి 44 మందికి చేశారు, లెక్కించడానికి చాలినంత కాలం గడిచింది 31 మందికి, వాళ్ళలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పి దాడులు రాలేదు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ముందు మూలకణాలు సేకరించాలి, బుసల్ఫాన్ అనే మందుతో ఎముక మజ్జను ఖాళీ చేయాలి, వారాలపాటు ఆసుపత్రిలో ఉండాలి. 'ఒక్క ఇంజెక్షన్‌తో నయం' అన్న మాటలో ఇవేవీ పట్టవు.

వార్త ఎక్కడ దొరుకుతుంది అన్నదీ చెప్పాలి. నేచర్ పత్రిక ఎంబార్గో (ఫలానా వేళ దాకా అచ్చు వేయొద్దన్న షరతు) బుధవారం లండన్ కాలం సాయంత్రం 4కు తొలగుతుంది. మనకు వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30. సైన్స్‌ది గురువారం మన రాత్రి 11:30, చలికాలంలో అర్ధరాత్రి దాటాక 12:30. ఎడిషన్ మూసే వేళ వచ్చే వార్తలు కాబట్టే జనం పత్రికా ప్రకటనను దించేస్తారు. ఎంబార్గో కాపీ ముందే అందుతుంది కదా, ఆ నాలుగైదు రోజులు పరిశోధనలో పాలుపంచుకోని ఇద్దరితో మాట్లాడటానికే ఇచ్చారు.

ఎంబార్గోలో ఎప్పుడూ దొరకని వార్తలు రిజిస్ట్రీల్లో ఉంటాయి. చైనాలో శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్ జన్యువులు మార్చిన పిల్లలను పుట్టించే ప్రయత్నం చేస్తున్న సంగతి 2018 నవంబరు 25న ఎంఐటీ టెక్నాలజీ రివ్యూలో ఆంటోనియో రెగలాడో బయటపెట్టింది చైనా క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలోని కాగితాలతో. ఆ నమోదు తేదీ నవంబరు 8, అంటే గర్భాలు వచ్చాక. మన దేశపు ట్రయల్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో కూడా నమోదు తేదీ, మొదటి రోగిని చేర్చుకున్న తేదీ రెండూ ఉంటాయి. రెండోది ముందుంటే అక్కడ ఒక ప్రశ్న ఉంది.

ప్రీప్రింట్లకు ఇంకో పనిముట్టు: ఒక జన్యు లేదా ప్రొటీన్ ముక్కను పోలినవి ఇంకెక్కడున్నాయో వెతికిపెట్టే, అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వాళ్ళ బ్లాస్ట్. ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. 2020 జనవరి 31న కరోనా వైరస్ కొమ్ములో హెచ్‌ఐవీని పోలిన నాలుగు ముక్కలున్నాయని ఒక ప్రీప్రింట్ వచ్చి దేశాన్ని ఊపేసింది. రెండు రోజుల్లో రచయితలే వెనక్కి తీసుకున్నారు. ఆ ముక్కలు 6 నుంచి 12 అమైనో ఆమ్లాల పొడవు. 20 రకాల అమైనో ఆమ్లాలతో ఆరక్షరాల మాటలు 6.4 కోట్లే వస్తాయి. అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన డేటాబేస్‌లో అలాంటి మాట ఎక్కడో ఒకచోట తగలకపోతేనే వింత. ఆ ముక్కను బ్లాస్ట్‌లో అతికించి ఫలితాల్లో 'ఈ వాల్యూ' అనే వరస చూడాలి. అంత పోలిక కాకతాళీయంగా ఎన్నిసార్లు దొరుకుతుందో చెప్పే అంకె అది. ఒకటికి పైన ఉంటే అది వార్త కాదు. బ్యాక్టీరియాలూ, పురుగులూ వరసగా ఆ జాబితాలో కనిపిస్తాయి.

చివరిగా 'పూర్తయింది' అన్న మాట. మానవ జీనోమ్ చిత్తుప్రతి సిద్ధమైందని 2000 జూన్ 26న వైట్‌హౌస్‌లో ప్రకటించారు. 2003 ఏప్రిల్‌లో పూర్తయిందన్నారు. 2022లో ఇప్పుడు నిజంగా పూర్తయిందన్నారు, సుమారు 20 కోట్ల అక్షరాలు కొత్తగా చేరాయి. అందులోనూ వై క్రోమోజోమ్ లేదు, వాడిన కణాల్లో అది లేదు కాబట్టి. అది 2023 ఆగస్టులో వచ్చింది. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. 2003 నాటి 99 శాతానికి హారం జన్యువులు దండిగా ఉండే భాగం. మొత్తం జీనోమ్‌ను హారంగా తీసుకుంటే అది 92 శాతం. ఆ రెండో అంకె కూడా నాటి వార్తల్లో పడి ఉంటే, మిగిలిన 8 శాతం కోసం పందొమ్మిదేళ్ళ తర్వాత పతాక శీర్షిక పెట్టినప్పుడు 'అదేంటి, అప్పుడే చదివేశారుగా' అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.